గురువుగారి గొంతు వెనకాల

రెండు చేతులూ తలకంటే పైకి ఎత్తిపెట్టి, కుడిచేతికి ఆయుష్షునిచ్చే దేవుడి బొమ్మనీ ఎడమచేతికి సంపదనిచ్చే దేవుడి బొమ్మనీ తొడుక్కుని, ట్రక్కు మీద నిలబెట్టిన ఈ రంగుల చెక్కమేడ వెనక కూర్చున్నాను. బయట ఎవరూ ఉండరని తెలుసు. అయినా తెర సందులోంచి ఒకసారి చూశాను, ఎవరూ లేరు. గుడి ముందు సిమెంటు నేల మీద ఆల్చిప్పలు ఆరబోసి ఉన్నాయి, వాటి పక్కన నీడ ఉన్నంతమేరా సర్దుకుని ఒక కుక్క పడుకుంది, సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వచ్చి అరుగు మీది ఎర్ర లాంతర్లను కాస్త ఊపి పోతోంది. స్పీకర్లలో గురువుగారు దేవతలను ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తున్నారు, పిలిచినవాడిని పిలిచినట్టు నేను పైకి లేపుతున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. గొంతుకి మాత్రం వయసు రాలేదు. వయసంతా నాకే వచ్చింది, ఈమధ్య కుడి భుజం కింద ఒక నరం పట్టేస్తోంది, అందుకే ఆయుష్షు దేవుడు కాస్త వంగి నిలబడుతున్నాడు. చూసేవాళ్ళుంటే పెద్దాయన కదా అని సరిపెట్టుకునేవాళ్ళు.

ఈవేళ ఈ ఆట గుల్లలు పెంచే చెరువాయన ఒకాయన మొక్కు. పోయిన చలికాలంలో చుట్టుపక్కల చెరువుల్లో గుల్లలన్నీ నోళ్ళు తెరుచుకుని చచ్చిపోతే ఈయనవి బతికాయట. పొద్దున్నే వచ్చి దేవుడి ముందు తాబేళ్ళలా చేసిన ఎర్రపిండి వంటలు, జామకాయలు, ఒక సారాయి సీసా పెట్టి, కాగితపు డబ్బు కాల్చి, నన్ను చూసి తలూపి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆట చూడరా అని నేను అడగలేదు. అలా అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు, మొక్కుకున్నది దేవుడికి, చూడాల్సింది దేవుడు. మనుషులకు టీవీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, దేవుడికి ఇంకా మేమే దిక్కు. ఆయనైనా చూస్తున్నాడో లేదో, గర్భగుడిలో పొగ పట్టి నల్లబడిన మొహంతో కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంటాడు, మా వీధిలో నూడుల్స్ కొట్టామె మధ్యాహ్నం బేరం లేనప్పుడు కూర్చున్నట్టే. ఇలాంటి ఆటలకు టేపు చాలు. టేపంటే ఇప్పుడు గోరంత మెమరీ చిప్పే, అయినా మేం టేపనే అంటాం. గురువుగారు ఆఖరి చలికాలంలో తన వంటింట్లో కూర్చుని, కిటికీలకు దుప్పట్లు కట్టి, తనకు వచ్చిన ఆటలన్నీ వరసగా చెప్పి రికార్డు చేసి పెట్టారు, రాజు ఆయనే, రాణి ఆయనే, దొంగ ఆయనే, పసిపిల్ల ఏడుపు కూడా ఆయనే. నేను పోయాక నువ్వు ఇబ్బంది పడకూడదు, అన్నారు. నేను ఇబ్బంది పడలేదు. ఒక్కరోజు కూడా పడలేదు.

పొద్దున బున్‌తోంగ్ అన్న ఫోన్ చేశాడు. గురువుగారి దగ్గర నాకంటే ముందు చేరినవాడు, అందుకని అన్న. ఆయనది టేపు బృందం కాదు, స్టేజీ మీద నోటితోనే చెప్పుకుంటాడు, ఆ నోటికే ఇప్పుడు ముప్పు వచ్చింది, గొంతులో ఏదో గడ్డ కనబడింది, కోయాలన్నారు. చెప్పేటప్పుడు భయపడుతున్నట్టు లేదు, విసుక్కుంటున్నట్టు ఉంది. ఎనిమిదో నెల పున్నానికి రేవు దగ్గరి పెద్ద గుడిలో ఏటా ఆయన ఆటే, అక్కడ జనం వస్తారు, స్టూళ్ళు తెచ్చుకుని, బఠాణీలు నములుతూ, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలిసి కూర్చునే జనం. నా బదులు నువ్వు వెళ్ళు, అన్నాడు. అక్కడ టేపు ఒప్పుకోరు కదన్నా, అన్నాను. ఒప్పుకోరనే కదా నిన్ను అడుగుతున్నది, అన్నాడు. అప్పుడు నవ్వాడు, నవ్వితే గొంతు నొప్పి కాబోలు, మధ్యలో ఆపేశాడు.

“మన గురువుగారు పోయి ఇన్నేళ్లయింది, నువ్వింకా ఆయన చేత చాకిరీ చేయిస్తున్నావే లీహ్వా. పాపం ముసలాయన, చచ్చి కూడా సెలవు దొరకలేదు. సాయంత్రం ఆటయ్యాక చెప్పు. లేదంటే ఆ టౌను కుర్రాళ్ళకి ఇచ్చేస్తా, వాళ్ళు పొగా, రంగు లైట్లూ పెట్టుకుంటారు.”

సాయంత్రం అంటే ఇంక ఎంతో దూరంలో లేదు. దేవతలు దిగిపోయారు, వాళ్ళను మెల్లగా పెట్టెలో తలకిందులుగా వేలాడదీశాను, వాళ్ళ స్థానం అదే, బట్టలు నలగకుండా. ఇప్పుడు రాజుగారి కొలువు. కుడిచేతికి రాజు, ఎడమచేతికి కుట్రలు చేసే మంత్రి. చూపుడువేలు తలలోకి, బొటనవేలు ఒక చేతిలోకి, మిగతా వేళ్ళు ఇంకో చేతిలోకి, ఈ పని నా వేళ్ళు నన్ను అడగకుండా చేసుకుపోతాయి, నేను ఎక్కడికైనా పోవచ్చు. అదే కదా సుఖం. ఈ టేపు కింద కూర్చుని నేను మనసులోనే కూర వండుకున్నాను, పళ్ళనొప్పి గురించి ఆలోచించాను, విడిపోయిన మొగుణ్ణి తిట్టుకుని, కొన్నాళ్ళకి తిట్టడం కూడా మర్చిపోయాను. రానంటే ఏం కారణం చెప్పను బున్‌తోంగ్ అన్నకి. భుజం నొప్పి అని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. పున్నం రోజున ఇంకో మొక్కు ఒప్పుకున్నానని చెప్పొచ్చు. ఆడగొంతుతో సేనాపతి వేషం ఏం రక్తికడుతుంది అన్నా, అనొచ్చు, ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు, నాకే మంచిది. ఇన్ని సాకులు ఇంత నున్నగా వరసలో నిలబడ్డాయంటే నేను వీటిని ఎప్పటినుంచో పాలిష్ పెడుతున్నానన్న మాట.

మంత్రి దగ్గుతాడు ఇక్కడ. దగ్గించాను. అసలు ఆటలో దగ్గు లేదు, వంటింట్లో చెబుతూ చెబుతూ గురువుగారికి దగ్గొచ్చింది, ఆపి మళ్ళీ చెప్పే ఓపిక లేక అలాగే ఉంచేశారు. మొదట్లో ఆ దగ్గు వచ్చినప్పుడు బొమ్మ ఊరికే నిలబడి ఉండేది, చూడ్డానికి బాగాలేదని మంత్రిని వంచి, చెయ్యి నోటికి అడ్డం పెట్టించి, వీపు అదిరేలా దగ్గించడం మొదలుపెట్టాను. ఇప్పుడు అది నా చేతుల్లో ఎంత బాగా కుదిరిందంటే, ఒకసారి పక్కూరి బృందంవాడు ఎవరో చూసి, తన మంత్రికి కూడా దగ్గు పెట్టాడు. గొంతు ఆయనది, రోగం ఆయనది, దానికి ఊడిగం నాది. అప్పట్లో అందరికీ చెప్పుకుని నవ్వాను. ఇవాళ నవ్వు రావడం లేదు.

ఈరోజు నేను ఎవరితోనైనా మాట్లాడానా అని లెక్క చూసుకుంటే, బున్‌తోంగ్ అన్నతో ఆ కాసేపు తప్ప లేదు. గుడి చూసుకునే ఊ మామయ్య తలూపాడు, నేనూ తలూపాను. రాత్రి నూడుల్స్ కొట్టుకు వెళితే ఆమె నన్ను చూడగానే గిన్నె తీసి వడ్డిస్తుంది, ఏం కావాలని అడగదు, ఆమె మంచితనం అది, కానీ అక్కడ కూడా నా నోటికి పని లేకుండా పోయింది. కొన్ని రోజులు రాత్రి ఇంటికి వెళ్ళి, టీవీలో వంటామెకి ఉప్పు ఎక్కువేశావే అని చెప్పబోతే, గొంతు జీరగా, ఎవరిదో అయినట్టు వస్తుంది. మాటలమ్ముకుని బతికే వృత్తిలో ఉండి రోజుకి పది మాటలు మాట్లాడను. ఎవరూ తోడు లేరని కాదు నా బాధ, తోడు లేకపోవడం నాకు అలవాటైపోయి హాయిగా ఉండటం, అదీ బాధ. రోజూ పొద్దున్నే మా వదిన నా ఫోనుకి తామరపువ్వు బొమ్మ పంపుతుంది, పువ్వు మీద ‘నిన్నటి కంటే ఈరోజు ఒక మెట్టు ఎక్కండి’ అని మెరిసే అక్షరాలుంటాయి. నేను తిరిగి ఇంకో తామరపువ్వు పంపుతాను. ఆవిడ ఎక్కిందీ లేదు, నేనెక్కిందీ లేదు, పువ్వులు మాత్రం రోజూ వెళ్ళి వస్తున్నాయి.

చిన్నప్పుడు గురువుగారు శిష్యులను సముద్రపు కట్ట మీద నిలబెట్టి అరిపించేవారు. అల మీదుగా అవతలికి వినపడాలి, లేకపోతే గుడి బయటి జనం మీదుగా ఏం వినపడుతుంది అనేవారు. మగపిల్లలు అరుస్తుంటే నేను వెనక కూర్చుని బొమ్మల బట్టలు ఉతికేదాన్ని, ఉతుకుతూనే వాళ్ళ మాటలన్నీ నాలుకకి పట్టించుకున్నాను, బున్‌తోంగ్ అన్న మర్చిపోతే నా వైపు చూసేవాడు, నేను పెదాలతో అందించేదాన్ని. ఒక్కసారి గురువుగారు నన్నూ నిలబెట్టారు. అరిచాను. ఆయన తల ఒక పక్కకి వంచి విని, ఇంకా పచ్చిగా ఉంది, పండనీ, అన్నారు. కోప్పడలేదు, వద్దనలేదు. పండనీ అన్నారు, అంతే, మళ్ళీ అడగలేదు. నేను కూడా పండిందా అని అడగలేదు. అడగకపోవడం ఎంత హాయి అంటే, ఆ రోజు బట్టల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు ఏడుపు రాలేదు, వేడినీళ్ళ తొట్టిలో దిగినట్టు ఒళ్ళంతా వదులైంది. ఆ వదులే ఇప్పటిదాకా నడిచింది. పెళ్ళిలోనూ అదే, పెళ్ళి వదిలేయడంలోనూ అదే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. రాదు. ఆయన నాకు అన్నం పెట్టారు, ఆఖరికి తన ఊపిరి కూడా చిప్పులో పెట్టి ఇచ్చి వెళ్ళారు.

గురువుగారి భార్య, అమ్మగారు, బతికి ఉన్నన్నాళ్ళూ టేపు ఆపకపోవడానికి ఒక మంచి కారణం ఉండేది. ఆట ఎక్కడున్నా ఆవిడ బస్సెక్కి వచ్చి, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, స్టేజీకి వీపు పెట్టి కూర్చునేది. బొమ్మలు చూడటానికి కాదు, మొగుడి గొంతు వినడానికి. గిన్నెలు తుడిచే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో ఎక్కడో గిన్నె చప్పుడు వస్తుంది టేపులో, అది ఆనాడు వంటింట్లో ఆవిడ చేతిదే, అక్కడికి వచ్చేసరికి తలూపేది. ఆవిడ ముందు టేపు ఆపేయడం ఎవరికి చేతనవుతుంది. అందుకని ఆపలేదు అని నాకు నేను చెప్పుకున్నాను, చెప్పుకోవడానికి బాగానే ఉండేది. కిందటేడు ఆవిడ కూడా వెళ్ళిపోయింది. స్టూలు ఖాళీగా ఉంది, ఆవిడా లేదు, ఆయనా లేడు, ఈ ఊళ్ళో ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టేదాన్ని నేనొక్కతినే మిగిలాను. ఇంక ఎవరికోసం అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఎవరూ లేరు.

కొలువు అయిపోయింది. రాజు తప్పుడు తీర్పు చెప్పి లేచాడు, మంచి సేనాపతిని చెరసాలలో వేశారు, ఇప్పుడు సేనాపతి కూతురు సాయంత్రంలోపు ఏరు దాటి నిజం చెప్పే సాక్షిని వెంటబెట్టుకు రావాలి. కుడిచేతికి అమ్మాయి, నీలం చొక్కా, జుట్టులో ఒక పిన్ను. ఎడమచేతికి పడవవాడు, గడ్డం, తాటాకు టోపీ. వర్షం పడుతోంది, పడవవాడు రానంటాడు. ఇక్కడ గురువుగారి గొంతులో ఆ పిల్ల ఏడుస్తుంది. అయ్యా, దిక్కులేనిదాన్ని, ఆడకూతుర్ని, దయచూడు, అని సాగదీసి, సాగదీసి, చివరికి వెక్కుతుంది, ఆ వెక్కిళ్ళకి పాతరోజుల్లో ఆడవాళ్ళంతా చేతిరుమాళ్ళు తీసేవాళ్ళట. నాకు మాత్రం ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి మండుతోంది, ఎందుకో పట్టించుకోలేదు, భుజం నొప్పి అనుకుని పక్కన పెట్టేదాన్ని. తండ్రి చెరసాలలో ఉన్నాడు, పొద్దు వాలుతోంది, ఈ పిల్ల ఒడ్డున కూర్చుని ఏడుపు సాగదీస్తోంది. అంత పొద్దు ఎక్కడుంది దానికి.

ఇవాళ చూసుకుంటే నా పెదాలు కదులుతున్నాయి. అది కొత్త కాదు, ఎప్పుడూ కదులుతాయి, చప్పుడు లేకుండా టేపుతో పాటే నడుస్తాయి. కానీ ఇవాళ టేపు ఏడుస్తుంటే నా పెదాలు ఏడవడం లేదు. వేరే ఏదో అంటున్నాయి. ఏమంటున్నాయా అని నేనే చెవి పెట్టి వినాల్సి వచ్చింది. ఆ పిల్ల నా నోట్లో పడవవాణ్ణి కసురుతోంది. ఎప్పటినుంచి కసురుతోందో, ఎన్ని గుళ్ళ ముందు, ఎన్ని మొక్కుల్లో, నేను కూర గురించి ఆలోచిస్తుంటే ఇది లోపల తన మాటలు తనే తయారుచేసుకుని పెట్టుకుంది. నాకు పెద్ద ఆశయం ఏదో పుట్టుకొస్తుందని, అప్పుడు లేద్దామని ఇన్నేళ్ళు ఎదురుచూశాను. వచ్చింది చిరాకు. ఈ ఏడుపు ఇంకొక్కసారి వినలేను అన్న ఒక్క చిరాకు తప్ప నాలో ఏమీ లేదు, ధైర్యం అసలే లేదు. ఎవరూ చూడటం లేదు. ఎవరూ చూడనప్పుడు ఎందుకు మరి, హాయిగా కానివ్వు, అంది ఆ పాత వదులు. ఎవరూ చూడనప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చేస్తావు, అని నేను దానికి గట్టిగానే చెప్పాను కానీ, నా చేతులు రెండూ పైనే ఉన్నాయి, సౌండు బాక్సు పక్కనే ఉంది, అందుకోవాలంటే మోచెయ్యే దిక్కు.

మోచేత్తో నొక్కాను. గురువుగారి గొంతు ఏడుపు మధ్యలో తెగిపోయింది. ఆయన్ని నేనే రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించి, వెంటనే మళ్ళీ నొక్కేద్దామనుకున్నాను. డప్పులు లేవు, తాళాలు లేవు. అంత నిశ్శబ్దంలో ట్రక్కు జనరేటరు ఒక్కటే గొణుగుతోంది. బయట కుక్క లేచి కూర్చుంది. పైన సేనాపతి కూతురు, పడవవాడు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు, ఇద్దరికీ మాటలు నేనివ్వాలి.

“ఓ పడవాయనా.”

గాలిలో కలిసిపోయింది. పొద్దుటినుంచి వాడని గొంతు, అడుగంటిన గిన్నెని గరిటెతో గీకినట్టు వచ్చింది. అయినా నోరు మూయలేదు.

“ఓ పడవాయనా, ఏరు నాకూ కనబడుతోంది. నీకు భయమేస్తే దిగు. తెడ్డు ఇలా ఇచ్చెయ్.”

ఇప్పుడు వాడు ఏమనాలి. వాడి సంగతి నేను ఆలోచించి పెట్టుకోలేదు. టేపులో అయితే జాలిపడి కళ్ళు తుడుచుకుంటాడు, ఇక్కడ జాలిపడటానికి ఎవరూ ఏడవలేదు. వాణ్ణి ఒక అడుగు ముందుకు నడిపించాను, టోపీ వెనక్కి తోయించాను, కాస్త టైము కోసం. కడుపులోంచి గొంతుని కిందకి లాగి, లావుగా అన్నాను.

“తెడ్డు పట్టడం వచ్చా నీకు?”

“రాదు. ఏటి మధ్యకి వెళ్ళేసరికి వచ్చేస్తుంది.”

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, అని నేనే తెల్లబోయాను, పడవవాడు కూడా తెల్లబోయాడు, నా ఎడమచెయ్యి వాణ్ణి అలాగే నిలబెట్టేసింది. లావుగొంతు లావుగా లేదు, ఆడమనిషి జలుబు చేసి మాట్లాడినట్టుంది. సన్నగొంతు చివర్లో చీలిపోయింది. రేవు దగ్గర స్టూళ్ళ మీద కూర్చునే ఆ జనం ఇది వింటే బఠాణీలు నమలడం ఆపి ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, వెనకనుంచి ఎవడో ఈల వేస్తాడు, నాకు తెలుసు. బున్‌తోంగ్ అన్నకి వస్తానని చెప్పేస్తాను అనుకున్నాను. ఆ అనుకోవడం వెనక్కి పోలేదు. పున్నానికి ఇంకా రోజులున్నాయి, రోజూ కట్ట మీదికి వెళ్ళి అరవాలి, ఈ వయసులో ఒక ఆడది ఒక్కతే సముద్రం మీద అరుస్తుంటే చేపలవాళ్ళు ఏమనుకుంటారో, అనుకోనీ.

గుడి లోపలి నుంచి చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వస్తున్నారు. ఊ మామయ్య. నిద్రలోంచి లేచి వచ్చినట్టున్నాడు, మెడలో తువ్వాలు, ఒక చెంప మీద చాప గీతలు. ట్రక్కు పక్కకి వచ్చి, తెర పైకెత్తి, చేతులు పైకెత్తి కూర్చున్న నన్ను, ఎర్రలైటు ఆరిన సౌండు బాక్సుని చూశాడు.

“ఏమ్మా లీహ్వా, మిషన్ చెడిపోయిందా? ఎలక్ట్రీషియన్‌ని పిలవనా?”

“చెడిపోలేదు మామయ్యా. నేనే మాట్లాడుతున్నా.”

గుడి వైపు ఒకసారి తిరిగి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. నవ్వలేదు, మెచ్చుకోలేదు, కూర్చుంటానని స్టూలు కూడా లాక్కోలేదు.

“అయితే కొంచెం గట్టిగా అను. గర్భగుడిలో పెద్దాయనకి వినపడట్లేదు.”

తెర వదిలేసి, చెప్పులు ఈడ్చుకుంటూ తన చాప మీదికి వెళ్ళిపోయాడు. పడవవాణ్ణి అవతలి ఒడ్డుకి వెనక్కి పంపించాను. డప్పు బదులు కాలితో ట్రక్కు నేలని రెండుసార్లు తన్ని, ఊపిరి పట్టినంతా పట్టి, సముద్రం మీదుగా వినపడేలా వాణ్ణి మళ్ళీ మొదటినుంచి పిలిచాను.